అంకణాల లెక్కలో కరిగిపోతున్న ఇళ్లు

నెల్లూరులో స్థలం రేటు అడిగితే అంకణాల్లో చెబుతారు. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు వెళ్తే అదే మాటకు 36 చదరపు అడుగులని అర్థం. బయటి ఊరివాళ్లు మొదటిసారి బేరానికి వచ్చినప్పుడు తికమకపడేది ఇక్కడే. నిజానికి అంకణం భూమి కొలతగా పుట్టిన మాట కాదు. దూలానికీ దూలానికీ నడుమ, స్తంభానికీ స్తంభానికీ నడుమ ఉండే జాగాను అంకణం అన్నారు. రెండంకణాల ఇల్లు అంటే ఆ కప్పు కింద ఎందరు పడుకోవచ్చో, ఎన్ని బస్తాలు పడతాయో వినేవాడికి తెలిసిపోయేది. ఇంటిని కొలిచిన మాట ఇప్పుడు ఇంటి కింది నేలను కొలుస్తోంది. మూలాపేట, రంగనాయకులపేట, సంతపేట, నవాబుపేట సందుల్లో కొన్నేళ్లుగా జరుగుతున్నది ఒక రకంగా ఇదే. దూలాలు పోతున్నాయి, అంకణం రేటు పెరుగుతోంది.

పాత ఇల్లు పడగొడుతున్నారనగానే వీధిలో మొదట వినబడే మాట ఒకటుంది: పిల్లలకు విలువ తెలీదు, ఎక్కడో అమెరికాలోనో బెంగళూరులోనో కూర్చుని అమ్మేశారు అని. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అమ్మినవాళ్లతో కాసేపు మాట్లాడితే వేరే సంగతి బయటపడుతుంది. మనసొప్పకుండానే సంతకం పెట్టినవాళ్లు తక్కువేం కాదు. ఇంటిని పడగొట్టేది అభిమానం లేకపోవడం కాదు, వాటాల లెక్క.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. వీధి వైపు 24 అడుగులు, లోపలికి 120 అడుగులు ఉన్న ఇల్లనుకుందాం. మొత్తం 2,880 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 40 అంకణాలు. పాత పేటల్లో ఇళ్లు చాలావరకు ఇలాగే ముఖం ఇరుకు, ఒళ్లు పొడవు. ముందు అరుగు, తర్వాత పంచ, నడవ, పడసాల, గాలీ వెలుతురూ దిగే ఖాళీ జాగా, వంటిల్లు, దొడ్డి, బావి, చివర్లో వెనక సందులోకి ఒక తలుపు. కట్టించిన పెద్దాయనకు నలుగురు పిల్లలు. నిలువునా నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్కరికి ఆరడుగుల వెడల్పు వస్తుంది. మంచం వేస్తే మనిషి నడవడానికి తావుండదు. అడ్డంగా కోస్తే వీధి ఒక్కరికే దక్కుతుంది, చివరి వాటావాళ్లకు వెనక సందే గతి. బావి ఎవరిది, మెట్లు ఎవరివి అని మొదలైన మాట ఎక్కడికి పోతుందో తెలిసిందే. లెక్క అక్కడితో ఆగదు. నలుగురిలో ఒకరు పోయి, ఆయనకు ముగ్గురు పిల్లలుంటే వాళ్లలో ఒక్కొక్కరిది పన్నెండో వంతు. అంటే 240 చదరపు అడుగులు, మూడంకణాల పైచిలుకు. ఒక కారు, రెండు స్కూటర్లు పెట్టుకునేంత.

ఇలాంటి ఆస్తిని పంచమని కోర్టుకు వెళ్తే ఏమవుతుందో 1893 నాటి పార్టిషన్ చట్టం ఏనాడో రాసిపెట్టింది. సబబుగా ముక్కలు చేయడానికి వీల్లేని ఆస్తి అయితే, సగానికి తక్కువ కాని వాటా ఉన్నవాళ్లు కోరినప్పుడు, కోర్టు దాన్ని అమ్మించి డబ్బు పంచవచ్చు. పొడవాటి ఇల్లు దాదాపు ఎప్పుడూ ఆ కోవలోకే వస్తుంది. ఆ సంగతి వకీళ్లు మొదటి రోజే చెబుతారు కాబట్టి చాలా కుటుంబాలు కోర్టు దాకా వెళ్లకుండానే బిల్డర్ దగ్గరకు వెళ్తాయి.

ఆడపిల్లల వాటా వచ్చాకే ఇళ్లు పోతున్నాయని గొణిగేవాళ్లూ ఉన్నారు. దీన్ని కొంచెం విడమరచి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ, పెళ్లయినవాళ్లకు కూడా, 2005 సెప్టెంబరు 9 నుంచి. అదే 2005 సవరణలో పెద్దగా ఎవరూ మాట్లాడుకోని ఇంకో మార్పు ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. కుటుంబం కాపురముండే ఇంట్లో ఆడపిల్లకు వాటా ఉన్నా, మగ వారసులు పంచుకోవాలని అనుకునేదాకా ఆమె పంపకం అడగడానికి లేదని దాని సారాంశం. ఆ సెక్షన్‌ను తీసేశారు. అంటే పాత ఇళ్లు అన్నేళ్లు నిలబడింది టేకు దూలాల మీదే కాదు, అక్కచెల్లెళ్లు నోరెత్తడానికి వీల్లేని ఒక సెక్షన్ మీద కూడా. ఆ దన్ను పోయినందుకు ఇల్లు కూలితే తప్పు చట్టానిది అనలేం.

బిల్డర్ ఇక్కడ చేసే పని విచిత్రమైనది. ముక్కలు కాని ఆస్తిని ముక్కలయ్యేలా చేసి ఇస్తాడు. డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం అంటే స్థలం మీది, కట్టుబడి ఖర్చు అతనిది, లేచిన ఫ్లాట్లలో సగమో, ఒప్పందాన్ని బట్టి కాస్త అటూఇటూగానో మీకు. పైగా గుడ్‌విల్ అని కొంత రొక్కం, కట్టినన్నాళ్లూ బయట ఉండటానికి అద్దె. నలుగురికీ తలా ఒక ఫ్లాట్, తేడా వస్తే డబ్బుతో సరి. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పని లేదు. పన్ను సంగతిలో 2017లో వచ్చిన మార్పు దీన్ని ఇంకా సులువు చేసింది. అంతకుముందు బిల్డర్‌తో ఒప్పందం రాసుకున్న ఏడాదే, చేతికి ఏమీ రాకముందే, క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే ఆస్తి చేతులు మారినందుకు వచ్చే లాభం మీది పన్ను, నెత్తిన పడే ప్రమాదం ఉండేది. ఇప్పుడు ఆదాయపు పన్ను వేసే లెక్క, వ్యక్తులకూ ఉమ్మడి కుటుంబాలకూ, కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాదికి జరిగింది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఫ్లాటు దస్తావేజులో స్థలం గురించి రాసే మాట అన్‌డివైడెడ్ షేర్, అంటే విభజించని వాటా. తోబుట్టువులతో ఉమ్మడిగా ఉండలేక పంచుకున్నవాళ్లు చివరికి ముక్కూమొహం తెలియని పదిమందితో ఉమ్మడి స్థలంలో వాటాదారులవుతారు.

పడగొట్టి మళ్లీ సొంతానికే, పాత పద్ధతిలోనే కట్టుకుందామనుకున్నా కుదరదు. పాత పేటల్లో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే ఉంటుంది, ఇటు వాళ్ల దూలమూ అటు వాళ్ల దూలమూ ఆ గోడ మీదే ఆనుకుని ఉంటాయి. ఇవాళ ప్లాన్ అప్రూవల్ కావాలంటే చుట్టూ ఖాళీ వదలాలి, కింద పార్కింగ్ చూపించాలి. 24 అడుగుల ముఖంలో రెండువైపులా వదిలేస్తే మిగిలేది పెద్ద సందు. అందుకే బిల్డర్ ఒక ఇల్లు అడగడు, పక్కపక్కన ఉన్న రెండు అడుగుతాడు. ఒక ఇంటివాళ్లు సరేనంటే రెండో ఇంటి మీద టెన్షన్ మొదలవుతుంది: పక్కిల్లు పడగొడితే మా ఉమ్మడి గోడ ఏమవుతుంది, మా దూలం దేని మీద నిలబడుతుంది? పాత పేటల్లో ఇళ్లు జంటలుగా మాయం కావడానికి ఇదొక కారణం.

పడగొట్టకుండా బాగు చేయించుకోవచ్చు కదా అనేవాళ్లు ఆ గోడలు దేనితో కట్టారో చూడాలి. సిమెంటు రాకముందు ఈ తీరంలో ఇళ్లకు గుల్ల సున్నం వాడేవారు. పులికాట్ సరస్సులో గుల్లలకు కొదవ లేదు, వాటిని మోయడానికి పెద్దగంజాం నుంచి చెన్నపట్నం దాటిపోయే బకింగ్‌హామ్ కాలువ మీద పడవలుండేవి. గుల్లను కాల్చి, నీళ్లు చల్లి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నలిపేవారు. కరక్కాయలు నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు అందులో పోసేవారు. నునుపు పూతకు కోడిగుడ్డు తెల్లసొన. కప్పు సంగతి ఇంకా ఓపిక అడిగేది. టేకు దూలాలు, వాటి మీద పలచటి చిన్న ఇటుకలు నిలువుగా సున్నంలో పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఇంజనీర్లు దీన్ని మద్రాస్ టెర్రస్ అంటారు, జనానికి అది మిద్దె. టేకు బర్మా నుంచి ఓడల్లో వచ్చేది. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకున్నాక ఆ దారి మూతపడింది. ఇవాళ పడగొడుతున్న ఇంట్లో బర్మా టేకు దూలం దొరికిందంటే ఆ ఇల్లు చాలావరకు అంతకుముందుదే.

సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. దాన్ని బాగుచేయడానికి పిలిచిన మేస్త్రీకి వచ్చింది సిమెంటు పని. పెచ్చులూడిన చోట సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తాడు. రెండు వానాకాలాలు బాగానే కనిపిస్తుంది. లోపలికి ఎక్కిన చెమ్మకు బయటికి దారి లేక పైకి పాకుతుంది. ఉప్పు పొడిలా రాలుతుంది, సిమెంటు పూత పలకలు పలకలుగా ఊడి తనతోపాటు పాత ఇటుక పొరను లాక్కొస్తుంది. గోడలో దిగిన దూలం కొస ఆ తడికి కుళ్లుతుంది, మిగతా పని చెదలు చూసుకుంటాయి. అప్పుడు ఆ మేస్త్రీయే వచ్చి, లాభం లేదు సార్, పడగొట్టి కట్టుకోండి అంటాడు. ఇంటిని చంపిన మనిషి, ఇల్లు చచ్చిందని సర్టిఫికెట్ ఇచ్చిన మనిషి ఒకరే. అతన్నీ అనడానికి లేదు. గానుగ ఆగిపోయి రెండు తరాలైంది, నేర్పేవాళ్లు లేరు.

దీనికి తోడు రోడ్డు. పాత తారు తవ్వకుండా దాని మీదే కొత్త తారు, ఆ పైన సిమెంటు వేస్తూ పోతే వీధి ప్రతిసారీ కొన్ని అంగుళాలు లేస్తుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్లాలి. 2015 నవంబరు వానలకూ, 2021 నవంబరులో సోమశిల నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగినప్పుడూ నెల్లూరులో పల్లపు ఇళ్లకు అర్థమైన సంగతి అది. వానకాలమంతా గుమ్మానికి ఇసుక బస్తాలు పెట్టుకునే ఇంట్లో పెద్దవాళ్లను ఒంటరిగా ఉంచడానికి ఏ పిల్లలకూ ధైర్యం చాలదు.

పడగొట్టడానికీ ఒక వరస ఉంది. జేసీబీ చివర్లో వస్తుంది. ముందు ఇల్లు పడగొట్టే కాంట్రాక్టరు వచ్చి లోపలంతా తిరుగుతాడు, గోళ్లతో ద్వారబంధం గీకి చూస్తాడు, దూలాలు లెక్కపెడతాడు. మంచి కలప ఉంటే అతనే ఇంటివాళ్లకు ఎదురు డబ్బిస్తాడు. లేకపోతే ఇంటివాళ్లే అతనికి ఇవ్వాలి. మొదటి రోజు తలుపులు, కిటికీలు, వాటి ఇనప ఊచలు. తర్వాత పంచ మీది మంగుళూరు పెంకులు ఒకరి చేతి నుంచి ఒకరికి దిగుతాయి, పగలనివి ఒక కుప్ప, పగిలినవి ఒక కుప్ప. ఆ తర్వాత దూలాలు. కొస దగ్గర గోడను గుల్లచేసి, తాళ్లు కట్టి, నలుగురు మనుషులు కేకలేసుకుంటూ దించుతారు. వందేళ్ల మసి పట్టిన దూలాన్ని ఒక చోట రంపంతో కోస్తే లోపల తేనె రంగు, నూనె వాసన. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒక్క క్షణం మాట్లాడరు. తర్వాత కాంట్రాక్టరు దాని పొడవు కొలుస్తాడు. కడప బండలు లేపితే కింద ఇసుకలో ఏవో దొరుకుతాయి, అరిగిపోయిన కానీ నాణెం, గాజు ముక్క, పిల్లల గోళీ. పడసాల తలుపు పక్కన గోడ మీద పెన్సిల్ గీతలుంటాయి, ఏడాదికొకటిగా పిల్లల ఎత్తులు. కలపకు రేటుంది, బండకు రేటుంది, పాత ఇటుకకూ రేటుంది. ఆ గోడ పెచ్చుకు లేదు. దొడ్డి బావిని ఆ ఇటుక ముక్కలతోనే పూడుస్తారు. కొత్త వంటిళ్లలో పరిచే నల్ల గ్రానైట్ ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వస్తుంది, బోరు నీళ్లు ఎన్ని వందల అడుగుల నుంచి వస్తాయన్నది అదృష్టాన్ని బట్టి.

జ్ఞాపకాలు పోయాయంటే అందరూ ఇంటి లోపలి సంగతులే తలుచుకుంటారు, వేసవి రాత్రి మిద్దె మీద పరుపులు, వడియాలు, ఆవకాయ జాడీలు. అవి పోలేదు. ఆ కుటుంబంతో పాటే హైదరాబాదు వెళ్లాయి, ఫొటోల్లో ఉన్నాయి, పెళ్లిళ్లలో మళ్లీ మళ్లీ చెప్పుకుంటారు. నిజంగా దిక్కులేకుండా పోయింది ఇంటికీ వీధికీ మధ్య ఉన్న జాగా జ్ఞాపకం. అరుగు మీద కూర్చున్నవాళ్లలో ఆ ఇంటివాళ్లు తక్కువ. పెరుగు అమ్మే ఆమె గంప దించుకునేది. వానొస్తే దారినపోయేవాళ్లు ఎక్కేవారు. రంగనాథుడి రథం కదిలే రోజు ఆ వీధుల్లో అరుగు దొరకడం పెద్ద సంగతి. ఈ మనుషులెవరికీ ఆ ఇంట్లో వాటా లేదు, పడగొట్టేముందు వాళ్లను అడిగేవాళ్లూ లేరు. పైగా కాగితాల లెక్కలో అరుగు చాలా చోట్ల ఆక్రమణే, వీధి జాగాలోకి చొచ్చుకొచ్చిన కట్టడం. కాలువ వెడల్పు చేయాలన్నా రోడ్డు వెయ్యాలన్నా ముందు దెబ్బ దానికే. ఇల్లు పడిపోవడానికి ఇరవై ఏళ్ల ముందే దాని అరుగు పోయిన ఇళ్లు ఎన్నో. వీధి జ్ఞాపకం పోయింది ఆ రోజు. ఇల్లు పడినప్పుడు మనం ఏడ్చింది కాస్త ఆలస్యంగా.

అలాగని అదంతా బంగారం కాదు. ఆ ఇళ్ల నక్షాలో చివరన ఉన్న వెనక సందు ఎందుకుందో చాలామంది తలుచుకోరు. ముందు గుమ్మం తొక్కనివ్వని పాకీ మనుషులు ఆ సందులోంచి వచ్చి, చేత్తో దొడ్డి శుభ్రం చేసి, ఆ దారినే వెళ్లేవారు. ఆ రకం మరుగుదొడ్లను, ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో. వెలుతురు రాని మూలగదిలో భర్త పోయిన స్త్రీలు ఏళ్లు గడిపారు. బావి నుంచి వంటింటికి రోజుకు ఎన్ని బిందెలు మోయాలో మోసినవాళ్లకు తెలుసు, ఫ్లాటులో కుళాయి తిప్పినప్పుడు వాళ్లకు పాత ఇల్లు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరగవు. పాత ఇంటి మీద రాసే వ్యాసాలు ఎక్కువగా ముందు గుమ్మం నుంచి లోపలికి వెళ్లినవాళ్లవి. వెనక తలుపు నుంచి వచ్చినవాళ్ల జ్ఞాపకమూ అదే గోడలతో పాటు పోతోంది, దాన్ని రాసిపెట్టినవాళ్లు మరీ తక్కువ.

ఒంగోలు కథ కొంచెం వేరు. 1970 ఫిబ్రవరి 2న జిల్లా ఏర్పడేదాకా అది గుంటూరు జిల్లాలో ఒక పట్టణం. కలెక్టరేటు, కోర్టులు, ఉద్యోగుల కాలనీలు, పొగాకు డబ్బు కలిసి తర్వాతి ఇరవై ముప్పై ఏళ్లలో ఊరిని సాగదీశాయి. అందుకే అక్కడ ఇప్పుడు పడగొట్టే వాటిలో 1970ల నాటి శ్లాబు ఇళ్లు కూడా చాలా ఉంటాయి, యాభై ఏళ్లకే. ఇక కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో ఎవరూ పడగొట్టరు. అక్కడ అంకణానికి రేటు లేదు, తాళం వేసి వెళ్తారు, మొదట పెంకులు జారతాయి, తర్వాత వాన దిగుతుంది. డబ్బున్న చోట ఇల్లు ఒక వారంలో పోతే, లేనిచోట పదేళ్లు తీసుకుంటుంది.

రక్షించే చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కోటలకు, గుళ్లకు, శాసనాలకు. ఉదయగిరి కోట లాంటివాటికి పురావస్తు శాఖ ఉంది. మనుషులు కాపురముండే ఇంటికి ఆ రక్షణ వర్తించినా యజమానికి మిగిలేది అమ్ముడుపోవడం కష్టమైన ఆస్తి. ఖర్చు ఒకరిది, ముచ్చట ఊరందరిది అయితే ఏ యజమానీ ఒప్పుకోడు. కారైకుడి వైపు చెట్టియార్ల మేడలు కొన్ని హోటళ్లయి బతికాయి, కానీ నెల్లూరుకు దోసెలూ చేపల పులుసూ తినడానికి వచ్చేవాళ్లు ఉన్నంతగా ఇళ్లు చూడటానికి వచ్చేవాళ్లు లేరు.

ఎవరూ కష్టపడకుండానే ఈ పేటల చరిత్ర కొంత ఒక చోట భద్రంగా ఉంది, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ పట్టణాల్లోని ఇంటిని ఎలా వర్ణించాలో చెబుతుంది: ఏ వీధికి ఏ దిక్కున ఉందో, ఇప్పుడు ఎవరుంటున్నారో, అంతకుముందు ఎవరుండేవారో. అందుకే పాత దస్తావేజుల్లో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరం, చదివితే వీధి వీధంతా కళ్లముందు లేస్తుంది. తూర్పున ఫలానావారి మిద్దె గోడ, ఇది ఉమ్మడి. పడమర ఫలానావారు దొడ్డిగా వాడుకునే జాగా. దక్షిణం ఉభయులూ నీళ్లు తోడుకునే బావి. ఉత్తరం వీధి. ఒక ఇంటి కాగితం పక్కింటి కాగితాన్ని గుర్తుపెట్టుకునేది. ఆ నాలుగు హద్దుల పేర్లు పట్టుకుని ముప్పై ఇళ్ల దస్తావేజులు పక్కపక్కన పెడితే, పడిపోయిన వీధిని ఎవరైనా మళ్లీ గీయవచ్చు.

అదే స్థలంలో లేచిన అపార్ట్‌మెంట్‌కు, ఒప్పందం ప్రకారం పెద్దాయన పేరే పెడతారు, ఆర్చి మీద గ్రానైట్ అక్షరాలతో. మూడో అంతస్తులో మనవడి వాటాకు వచ్చిన ఫ్లాటు దస్తావేజులోనూ చెక్కుబందీ ఉంటుంది. తూర్పు: ఓపెన్ టు స్కై. దక్షిణం: ఓపెన్ టు స్కై. పడమర: కామన్ కారిడార్. ఉత్తరం: లిఫ్టు, మెట్లు.